క్లాస్ ఎంచుకునే ముందు క్యాంపెయిన్‌ను చూడాలి

టేబుల్ చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో కథ నడిపే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో క్లాస్, అంటే మన పాత్ర యోధుడా, మంత్రగాడా, దొంగా అన్న రకం, ఎంచుకోవడం పది నిమిషాల పని. ఆ క్లాస్‌తో ఆడాల్సింది మాత్రం నెలల తరబడి, క్యాంపెయిన్ (ఒకే బృందంతో సెషన్ల తరబడి నడిచే కథ) బాగా సాగితే ఏళ్ల తరబడి. అయినా ఆ పది నిమిషాల్లో చాలామంది వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఏ క్లాస్‌కు బలం ఎక్కువ? దీనికి జవాబు చెప్పే జాబితాలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. ఆ లెక్కలు తప్పని కాదు. రోజుకు ఇన్ని పోరాటాలు, మధ్యలో ఇన్ని విరామాలు, ఎదురుగా ఇంత కవచం ఉన్న శత్రువు అని ముందే అనుకుని వేసిన లెక్కలవి. మన టేబుల్ దగ్గర వాటిలో ఒక్క అంకె మారినా ఆ వరుస తారుమారవుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సినవి రెండు. టర్న్ వచ్చినప్పుడల్లా ఎలాంటి నిర్ణయం తీసుకోవడం మనకు ఇష్టం? ఆడబోయే క్యాంపెయిన్‌లో అలాంటి నిర్ణయాలకు చోటుందా? బలం సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నచ్చిన క్లాస్ ఎంచుకునే ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉన్నది కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటను తెచ్చినప్పుడు ఉన్న క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్ (యోధుడు), మ్యాజిక్ యూజర్ (మంత్రగాడు), క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసేవాడు). మరుసటి ఏడాది వచ్చిన అనుబంధంతో థీఫ్ (దొంగ), పాలడిన్ (ధర్మయోధుడు) చేరారు. 1978 నాటి నియమాల్లో పాలడిన్ కావాలంటే కరిస్మా, అంటే ఎదుటివారిని ఆకట్టుకునే శక్తికి ఉండే స్కోర్, కనీసం 17 ఉండాలి. మూడు ఆరు ముఖాల పాచికలు వేస్తే 17 గానీ 18 గానీ పడే అవకాశం 216లో 4 మాత్రమే. ఎవరు ఏమవుతారన్నది చాలావరకు పాచికలే తేల్చేవి. 1981 బేసిక్ నియమాల్లోనైతే ఎల్ఫ్, డ్వార్ఫ్ అన్న జాతులు కూడా క్లాసులే. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ నాటికి మూల పుస్తకంలో 12 క్లాసులున్నాయి, కనీస స్కోర్ల అడ్డంకి లేదు, 27 పాయింట్లు పంచుకుని స్కోర్లు కొనుక్కునే పద్ధతీ ఉంది. ఎవరైనా ఏదైనా కావచ్చు. ఎంపికకు ఇంత బరువు వచ్చింది అందుకే. అడ్డు లేనప్పుడు బాధ్యతంతా ఎంచుకునేవారిదే.

ఇక్కడి నుంచి ఉదాహరణలన్నీ అయిదో ఎడిషన్‌వే, ఎక్కువగా 2014 నియమాలవి. 2024లో సవరించిన పుస్తకం వచ్చింది కాబట్టి తేడా ముఖ్యమైన చోట చెప్పడం జరుగుతుంది.

క్లాసుల మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా విరామాల్లో ఉంది. దీన్ని ఎంత వివరంగా చూసినా నష్టం లేదు, ఎందుకంటే క్యాంపెయిన్ మధ్యలో కలిగే నిరాశల్లో చాలా వాటి మూలం ఇక్కడే కనిపిస్తుంది. నియమాల్లో విరామాలు రెండు రకాలు. షార్ట్ రెస్ట్ గంట, లాంగ్ రెస్ట్ ఎనిమిది గంటలు. మూడో లెవల్‌లో (లెవల్ అంటే అనుభవంతో పాత్ర ఎక్కే మెట్టు) ఉన్న వార్‌లాక్‌ను, అంటే ఏదో అతీత శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందినవాడిని, తీసుకుందాం. అతని దగ్గరున్న స్పెల్ స్లాట్లు (మంత్రం వేసిన ప్రతిసారీ ఒకటి ఖర్చవుతుంది) రెండే, కానీ రెండూ రెండో స్థాయివి, షార్ట్ రెస్ట్ తీసుకోగానే రెండూ తిరిగి వస్తాయి. అదే లెవల్ విజర్డ్‌కు (చదువుకుని మంత్రాలు నేర్చినవాడు) మొదటి స్థాయివి నాలుగు, రెండో స్థాయివి రెండు. రోజుకు ఒకసారి, ఓ షార్ట్ రెస్ట్‌లో కొద్దిపాటి స్లాట్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగతావి రావాలంటే లాంగ్ రెస్ట్ పూర్తి కావాల్సిందే.

ఇప్పుడు రెండు రకాల రోజులను ఊహించండి. మొదటి రోజు బృందం ఒక పాత కోటలో దిగింది. గది తర్వాత గది, ఆరు చిన్న పోరాటాలు, మధ్యలో రెండు సార్లు తలుపు బిగించుకుని గంటసేపు కూర్చున్నారు. వార్‌లాక్ ఆ రోజు ఆరు రెండో స్థాయి మంత్రాలు వేశాడు. విజర్డ్ ఆచితూచి వాడుకుంటూ వచ్చి ఆఖరి గదిలో ఒకటీ అరా మిగుల్చుకున్నాడు. రెండో రోజు కథంతా రాజసభలో నడిచింది. సాయంత్రం ఒకే ఒక్క హోరాహోరీ పోరాటం, ముందూ వెనకా విరామం లేదు. ఈసారి విజర్డ్ దాచుకోవాల్సిన అవసరమే లేదు, ఉన్నదంతా కుమ్మరించేశాడు. వార్‌లాక్ రెండు మంత్రాలు వేసి, మూడో రౌండ్ నుంచి ఒకే చిన్న మంత్రాన్ని పదేపదే వేస్తూ గడిపాడు. క్లాసులు మారలేదు, ఆటగాళ్ల తెలివితేటలూ మారలేదు. మారింది రోజు నడక మాత్రమే.

ఫైటర్‌కు టర్న్‌లో అదనపు చర్య ఇచ్చే యాక్షన్ సర్జ్, ఒట్టి చేతులతో పోరాడే మంక్ విద్యలకు ఖర్చయ్యే కీ పాయింట్లు కూడా షార్ట్ రెస్ట్ మీద ఆధారపడ్డవే. పాలడిన్, సోర్సరర్ (పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్నవాడు), క్లెరిక్, డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) మంత్రాలు లాంగ్ రెస్ట్ మీద ఆధారపడ్డవి. పాత థీఫ్ స్థానంలో ఉన్న రోగ్‌కు ఈ గొడవ దాదాపు లేదు. 2014 గేమ్ మాస్టర్ (కథను నడిపే వ్యక్తి) పుస్తకం రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ, కష్టమైన పోరాటాలు, రెండు షార్ట్ రెస్టులు అన్న అంచనా చెప్పింది. కథకు పెద్ద పీట వేసే టేబుళ్లలో రోజుకు అన్ని పోరాటాలు ఎక్కడ కుదురుతాయి! అందుకే గేమ్ మాస్టర్‌ను మొదట అడగాల్సిన ప్రశ్న ‘కథ ఎలా ఉంటుంది’ అన్నది కాదు. ‘రెండు లాంగ్ రెస్టుల మధ్య మామూలుగా ఎన్ని పోరాటాలుంటాయి’ అన్నది. ఒకటి, రెండు అని జవాబు వస్తే పూర్తి మంత్రగాళ్లు, పాలడిన్‌లు వెలిగిపోతారు. అయిదారు అని వస్తే ఫైటర్, వార్‌లాక్, రోగ్ నిలకడ తెలిసొస్తుంది.

ఎదురయ్యే శత్రువుల లెక్క కూడా అంతే ముఖ్యం. అయిదో లెవల్ విజర్డ్ గుంపు మొత్తాన్ని కాల్చే ఫైర్‌బాల్ మంత్రం వేస్తే ఎనిమిది ఆరు ముఖాల పాచికలు దొర్లుతాయి, సగటు దెబ్బ 28. తప్పించుకున్నవాడికీ సగం తగులుతుంది. 2014 గాబ్లిన్‌కు (చిన్న రాక్షసుడు) ఉండే హిట్ పాయింట్లు, అంటే పడిపోయే ముందు తట్టుకోగల దెబ్బ, 7. పది మంది గుంపుగా నిలబడితే ఒక్క మంత్రంతో పోరాటం దాదాపు ముగిసినట్టే. అదే లెవల్ ఫైటర్ పెద్ద కత్తితో రెండు దెబ్బలూ తగిలించినా సగటున 22, అదీ ఒకరిద్దరి మీదే. కానీ ఎదుట ఉన్నది వందకు పైగా హిట్ పాయింట్లున్న ఒంటరి రాక్షసుడైతే ఫైర్‌బాల్ ఇచ్చేది అదే 28, అదీ రెండు సార్లు, ఎందుకంటే మూడో స్థాయి స్లాట్లు ఆ లెవల్‌లో రెండే. ఫైటర్ 22 మాత్రం ప్రతి రౌండ్‌లోనూ ఉంటుంది. గుంపులు ఎక్కువ ఎదురయ్యే క్యాంపెయిన్ వేరు, ఒక్కో సాహసానికి ఒక్క పెద్ద శత్రువు ఉండే క్యాంపెయిన్ వేరు.

సరే, క్యాంపెయిన్ నడక తెలిసింది. ఇక టర్న్ దగ్గరికి రావాలి. క్లాసుల వివరణల్లో ‘దూకుడు’, ‘మార్మికత’, ‘చాకచక్యం’ అన్న మాటలు కనిపిస్తాయి. అవి పాత్ర గురించిన మాటలు. ఆటగాడి చేతికి వచ్చే పని వాటిలో కనిపించదు. రోగ్ సంగతే చూడండి. అదనపు దెబ్బ ఇచ్చే స్నీక్ అటాక్ పడాలంటే అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఉండాలి, లేదా తన మిత్రుడొకరు శత్రువుకు అయిదడుగుల లోపు ఉండాలి. అంటే రోగ్ ఆడేవారు ప్రతి రౌండ్‌లో వేసుకునే ప్రశ్న ‘ఎక్కడ నిలబడాలి’ అన్నదే. ఎవరు ఎవరి పక్కన ఉన్నారు, ఏ స్తంభం వెనక దాక్కోవచ్చు, కొట్టి ఎటు జారుకోవాలి. మ్యాప్ మీద జరిగే ఈ చదరంగం ఇష్టమైనవారికి రోగ్ ఎప్పటికీ విసుగు పుట్టించదు. మ్యాప్ లేకుండా మాటల్లోనే పోరాటం నడిపే టేబుల్‌లో ఆ సరదా సగానికి సగం పోతుంది.

బార్బేరియన్ ప్రశ్న మరొకటి: రేజ్ (దెబ్బలు తట్టుకుంటూ మరింత గట్టిగా కొట్టే ఆవేశం) ఇప్పుడు వాడాలా, తర్వాతి పోరాటానికి దాచాలా? మూడో లెవల్‌లో అది రోజుకు మూడు సార్లే. ఒకసారి రేజ్‌లోకి దిగాక పెద్దగా ఆలోచించే పనిలేదు, ముందుకు దూకడమే. వారమంతా పనిలో తల వేడెక్కి ఆటకు వచ్చేవారికి ఈ తేలికదనం వరం. దీన్ని తక్కువగా చూడటం అన్యాయం. నియమాలు తక్కువున్న క్లాస్ ఆడేవారికి పాత్ర మాటల మీద, తోటివారి కథల మీద దృష్టి పెట్టే తీరిక దొరుకుతుంది.

విజర్డ్ దీనికి పూర్తిగా అటు చివర. అయిదో లెవల్‌కు పుస్తకంలో కనీసం 14 మంత్రాలుంటాయి, ఇంటెలిజెన్స్ 18 ఉంటే ఆ రోజుకు సిద్ధం చేసుకునేవి 9. ఏ తొమ్మిది? రేపు ఏం ఎదురవుతుందో తెలియకుండానే తేల్చాలి. పైగా కాన్సన్‌ట్రేషన్ అవసరమయ్యే మంత్రాల్లో ఒకసారికి ఒకటే నిలుస్తుంది. ఒకదాన్ని పట్టుకుని ఉండగా అలాంటి మరొకటి మొదలుపెడితే మొదటిది పోతుంది. దెబ్బ తగిలితే పాచిక వేసి నిలుపుకోవాలి. ఇదంతా ఆనందంగా చేసేవారున్నారు. ఇంటికెళ్లాక కూడా మంత్రాల జాబితా తిరగేసేవారు విజర్డ్‌కు పుట్టినవారే. తన టర్న్ వచ్చాక పుస్తకం తెరిచే అలవాటున్నవారు విజర్డ్ తీసుకుంటే ఇబ్బంది పడేది ఒక్కరు కాదు, టేబుల్ అంతా.

మంత్రాలు కావాలి, కానీ తప్పు ఎంపిక చేస్తామేమోనన్న భయం ఉందా? అలాంటి కొత్తవారికి చాలామంది సోర్సరర్‌ను సూచిస్తారు, మంత్రాలు తక్కువ కాబట్టి సులువని. ఈ సలహా సరైంది కాదు. 2014 సోర్సరర్‌కు అయిదో లెవల్‌లో తెలిసిన మంత్రాలు ఆరు. వాటిలో ఒకటి పనికిరాదని తేలితే లెవల్ పెరిగేదాకా మోయాల్సిందే, అప్పుడు కూడా మార్చుకోగలిగేది ఒక్కటే. క్లెరిక్, డ్రూయిడ్ అలా కాదు. తమ క్లాస్ మంత్రాల మొత్తం జాబితాలోంచి లాంగ్ రెస్ట్ తర్వాత ఎప్పటికప్పుడు కొత్తగా ఎంచుకోవచ్చు. ఈ రోజు పొరపాటు ఈ రోజుతో సరి. జాబితా చిన్నదా పెద్దదా అన్నదాని కన్నా తప్పు దిద్దుకునే వెసులుబాటు ఎంత అన్నదే కొత్త ఆటగాడికి మేలు చేస్తుంది. ఆ లెక్కన మొదటి మంత్రగాడిగా క్లెరిక్‌ను మించింది లేదు.

టేబుల్ దగ్గర ఎంతమంది కూర్చుంటారో కూడా చూసుకోవాలి. ఆరుగురు ఆటగాళ్లుండి ఒక్కొక్కరు మూడు నిమిషాలు తీసుకుంటే, గేమ్ మాస్టర్ అయిదు నిమిషాలు కలుపుకుని, టర్న్‌కీ టర్న్‌కీ మధ్య ఇరవై నిమిషాల నిరీక్షణ. ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చోలేనివారు ఇతరుల టర్న్‌లో రియాక్షన్‌గా పనికొచ్చే సామర్థ్యాలున్న క్లాసులు వెతుక్కోవాలి. శత్రువు మంత్రాన్ని మధ్యలోనే ఆపేసే కౌంటర్‌స్పెల్, తగలబోయే దెబ్బను సగం చేసుకునే రోగ్ అన్‌కానీ డాడ్జ్ లాంటివి మనసును ఆటలోనే ఉంచుతాయి.

బృందం సమతూకం గురించి ఒక పాత నమ్మకం ఇంకా బలంగా ఉంది. ఫైటర్ ఒకరు, రోగ్ ఒకరు, విజర్డ్ ఒకరు ఉన్నారు, కాబట్టి ఆఖరున వచ్చినవారు క్లెరిక్ కావాలి, గాయాలు మాన్పేవాళ్లు లేకపోతే బృందం బతకదు అని. 2008 నాటి నాలుగో ఎడిషన్ డిఫెండర్ (కాచేవాడు), స్ట్రైకర్ (గట్టిగా కొట్టేవాడు), లీడర్ (తోటివారిని నిలబెట్టేవాడు), కంట్రోలర్ (శత్రువులను కట్టడి చేసేవాడు) అని నాలుగు బాధ్యతలను నేరుగా పేర్లు పెట్టి మరీ చెప్పింది. దాంతో ఈ ఆలోచన ఇంకా గట్టిపడి ఉండొచ్చు. అయిదో ఎడిషన్ నియమాలను దగ్గరగా చూస్తే మాత్రం ఆ బలవంతానికి ఆధారం తక్కువ.

హిట్ పాయింట్లు సున్నాకు పడిన పాత్ర వెంటనే చనిపోదు. తన టర్న్ మొదట్లో ఇరవై ముఖాల పాచిక వేస్తుంది. 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే ఒక విజయం, లేకపోతే ఒక వైఫల్యం. మూడు వైఫల్యాలైతే మరణం. ఈ లోపు ఎవరైనా ఒక్క హిట్ పాయింట్ ఇచ్చినా చాలు, ఆ పాత్ర స్పృహలోకి వచ్చి తన టర్న్ తీసుకుంటుంది. 2014 హీలింగ్ వర్డ్ ఇచ్చేది నాలుగు ముఖాల పాచిక ఒకటి, దానికి వేసినవారి స్కోర్‌ను బట్టి కలిసే మూడో నాలుగో. అంత చిన్న మొత్తం తర్వాతి దెబ్బకే పోవచ్చు. అయినా అది అరవై అడుగుల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో దొరికే చిన్న అదనపు చర్య) వేసే మంత్రం. దాని విలువ మాన్పిన గాయంలో లేదు, తిరిగి దొరికిన టర్న్‌లో ఉంది. ఈ మంత్రం క్లెరిక్‌కే కాదు, బార్డ్‌కూ (పాటలతో మంత్రాలు వేసేవాడు) డ్రూయిడ్‌కూ ఉంది. మూడో లెవల్ పాలడిన్ దగ్గర, తాకి గాయాలు మాన్పే లే ఆన్ హ్యాండ్స్‌గా 15 హిట్ పాయింట్లుంటాయి, ఒక్కొక్కటిగా ఇచ్చుకుంటూ పోతే పదిహేను సార్లు పడినవారిని లేపవచ్చు, చేయి తగిలేంత దగ్గరికి వెళ్లగలిగితే. బృందానికి కావాల్సింది ప్రత్యేకంగా వైద్యుడు కాదు, పడినవాళ్లను లేపగల చేయి ఒకటి. అది ఎవరిదైనా కావచ్చు. ఇష్టం లేని మనిషి నెత్తిన క్లెరిక్‌ను రుద్దితే ఏడాదిపాటు ఒక కుర్చీలో ఉత్సాహం లేని ఆటగాడు కూర్చుంటాడు, అంతకు మించి ఒరిగేదేమీ లేదు.

నిజంగా చూసుకోవాల్సిన వెలితి మరోచోట ఉంటుంది, అది ఎవరి కంటా పడదు. బార్డ్, పాలడిన్, సోర్సరర్, వార్‌లాక్ నలుగురికీ ముఖ్యమైన స్కోర్ కరిస్మానే. నలుగురు ఆటగాళ్ల బృందంలో ముగ్గురు వీళ్లలోంచి వస్తే, ద్వారపాలకుడితో మాట్లాడటానికి ముగ్గురూ ముందుకొస్తారు, శిథిలాల గోడ మీది పాత రాతలను చదవడానికి ఎవరూ ఉండరు. 2014 మూల పుస్తకంలోని 12 క్లాసుల్లో ఇంటెలిజెన్స్‌తో మంత్రాలు నడిపే పూర్తి క్లాస్ విజర్డ్ ఒక్కటే కావడంతో, చరిత్ర, మంత్రవిద్య, పరిశోధన అందరూ వదిలేసే మూలలుగా మిగిలిపోతుంటాయి. దర్యాప్తు ప్రధానంగా సాగే క్యాంపెయిన్‌లో ఈ ఖాళీ గాయాలు మాన్పే మనిషి లేకపోవడం కన్నా ఎక్కువ బాధిస్తుంది.

అలాంటి క్యాంపెయిన్‌లో ఫైటర్ కావాలనుకునేవారు నిరాశ పడక్కర్లేదు. క్లాస్ నుంచి వచ్చే నైపుణ్యాలు రెండే అయినా బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర గత జీవితం) మరో రెండు ఇస్తుంది. రోగ్‌కు క్లాస్ నుంచే నాలుగు. క్లాస్ పేరును పాత్ర వృత్తిగా తీసుకోవాల్సిన పనిలేదు కూడా. తాళాలు తీయడం, అబద్ధాన్ని పసిగట్టడం, నిశ్శబ్దంగా నడవడం తెలిసిన న్యాయాధికారిని రోగ్‌గా రాసుకోవచ్చు. జీవితంలో ఒక్క వస్తువూ దొంగిలించని రోగ్, గుడి మెట్లెక్కని క్లెరిక్ కన్నా తేలిగ్గా కుదురుతుంది.

కొన్ని క్లాసుల విషయంలో క్యాంపెయిన్‌తో పొత్తు మరీ సున్నితం. 2014 రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడు) మొదటి లెవల్‌లోనే ఒక రకం శత్రువును, ఒక రకం భూభాగాన్ని ఎంచుకోవాలి. అడవి అని రాసుకుని సముద్రయానం క్యాంపెయిన్‌లో దిగితే ఆ సామర్థ్యం కాగితం మీదే ఉండిపోతుంది. సరిగ్గా అడవే తగిలిందనుకోండి, అప్పుడు మరో చిక్కు. ఎంచుకున్న భూభాగంలో మాయ వల్ల తప్ప బృందం దారి తప్పదు, ఆహారం వెతికితే రెట్టింపు దొరుకుతుంది. దారి తప్పడం, ఆకలితో పోరాడటమే కథగా గేమ్ మాస్టర్ రాసుకున్న క్యాంపెయిన్‌లో రేంజర్ ఆ కథను గెలవడు, చెరిపేస్తాడు. డ్రూయిడ్ మొదటి స్థాయి మంత్రం గుడ్‌బెర్రీ కూడా అలాంటిదే. పది పండ్లు పుట్టిస్తుంది, ఒక్కోటి ఒక మనిషికి ఒక రోజు ఆహారం. ఇలాంటి సామర్థ్యం ఉన్న క్లాస్ ఎంచుకునేటప్పుడు ఒక్క మాట ముందే అడగడం మర్యాద: ‘ఈ కష్టాన్ని ఆటలో ఉంచాలనుకుంటున్నారా, దాటేయాలనుకుంటున్నారా?’ 2024 సవరణలో రేంజర్ భూభాగం ఎంపికను తీసేసి, ఒక శత్రువును గురిపెట్టి దెబ్బ పెంచే హంటర్స్ మార్క్ మంత్రాన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉండేలా ఇచ్చారు. ఎక్కడైనా పనికొచ్చేలా చేశారు గానీ, ఆ క్లాస్‌కు నేలతో ఉన్న ప్రత్యేక బంధం కొంత పలచబడింది.

క్యాంపెయిన్ ఎంత దూరం వెళుతుందో అడగడం చాలామంది మర్చిపోతారు. ఫైటర్‌కు ఒకే టర్న్‌లో నాలుగో దెబ్బ 20వ లెవల్‌లో వస్తుంది. 2014 స్టార్టర్ సెట్‌లోని సాహసం నడిచేది 1 నుంచి 5 లెవల్ వరకే. ఎప్పటికీ చేరని లెవల్ మీద గంపెడాశ పెట్టుకుని పాత్రను కట్టకూడదు. మొదటి అయిదు లెవళ్లలో ఆ క్లాస్ ఏం చేస్తుందో చదివి నచ్చితేనే తీసుకోవాలి. 2014 నియమాల్లో క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్ మొదటి లెవల్‌లోనే ఉపక్లాస్ (క్లాస్ లోపలి ప్రత్యేక శాఖ) ఎంచుకుంటారు, విజర్డ్, డ్రూయిడ్ రెండో లెవల్‌లో, మిగతావారు మూడో లెవల్‌లో. 2024లో అందరికీ మూడో లెవలే. చిన్న క్యాంపెయిన్ అయితే పాత నియమాల్లో క్లెరిక్ మొదటి రోజు నుంచే తన ప్రత్యేకతతో ఆడతాడు, ఫైటర్ కాస్త ఆగాలి.

రెండు క్లాసులు కలిపే మల్టీక్లాస్ ఊరించినా, లెక్క ఇక్కడే బెడిసికొడుతుంది. ఫైటర్‌కు రెండో దెబ్బ, విజర్డ్‌కు ఫైర్‌బాల్ రెండూ అయిదో లెవల్‌లో వస్తాయి. మొత్తం అయిదో లెవల్‌లో మూడు ఫైటర్‌వి, రెండు విజర్డ్‌వి పెట్టుకున్నవారికి రెండూ లేవు, పక్కవాళ్లు ఒక్కసారిగా రెట్టింపు బలంతో ముందుకెళ్తుంటారు. అయిదు దాటాక చూసుకుంటే మేలు.

క్లాసే లేని ఆటలూ ఉన్నాయి. 1978 నాటి రూన్‌క్వెస్ట్ నైపుణ్యాల మీద నడుస్తుంది, 1981 కాల్ ఆఫ్ క్తుల్హూలో వృత్తి ఉంటుంది తప్ప క్లాస్ ఉండదు. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ మరో దారి పట్టింది. అందులో క్లాస్ స్థానంలో ప్లేబుక్ ఉంటుంది, ఒక్కో ప్లేబుక్ టేబుల్ దగ్గర ఒక్కరికే. ఇద్దరు ఒకే రకం కావడం కుదరదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ నియమం లేదు, అవసరమూ లేదు. ఒకే బృందంలో ఇద్దరు ఫైటర్‌లు, ఒకరు విల్లుతో దూరాన, ఒకరు డాలుతో ముందు, హాయిగా ఇమిడిపోతారు. ఇద్దరికీ ఒకే క్షణం వెలగాలని ఉంటేనే చిక్కు. తాళం తీసే ఘడియ ఎవరిది, బేరమాడే ఘడియ ఎవరిదన్నది ఆట మొదలుకు ముందు కూర్చునే సెషన్ జీరోలోనే మాట్లాడుకుంటే ఆ చిక్కు రాదు.

ఇంత చూసుకున్నాక కూడా ఎంపిక కుదరకపోవచ్చు. కాగితం మీద నచ్చిన మంక్ మూడో సెషన్‌కే చప్పబడవచ్చు. మొదటి రెండు మూడు సెషన్లలో, లేదా మూడో లెవల్ వచ్చేదాకా, పాత్ర పేరు, కథ అలాగే ఉంచి క్లాస్ మార్చుకునే వీలు ఉంటుందా అని సెషన్ జీరోలోనే అడిగి పెట్టుకోవాలి. కథలో దానికి కారణం వెతకాల్సిన పని కూడా లేదు, ఆ పాత్ర మొదటి నుంచీ అలాగే ఉందని అందరూ ఒప్పుకుంటే సరిపోతుంది.